ఇరవై ఒకటో పన్ను

జూన్ 9

రైలింజను నడపబోయే మా మరదలు పిల్లకి,

ఆడపడుచు దీవెనలు. నువ్వు వెళ్ళి వారమైంది. నీ కూతురు బాగానే ఉంది. బాగా లేనిది నేను.

"పద్నాలుగు నెలల పిల్ల వదినా, పెట్టింది తింటుంది, పడుకోబెడితే పడుకుంటుంది, ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి" అని గుమ్మంలో నిలబడి చెప్పావు. నువ్వు వీధి మలుపు తిరిగావో లేదో దాని నోట్లో దవడపన్ను బయల్దేరింది. నీతో మాట్లాడుకునే బయల్దేరిందని నా అనుమానం. ముందు పళ్ళు ఎనిమిదీ నీ దగ్గర నవ్వుతూ వచ్చాయిట. కష్టమైనవన్నీ నాకు మిగిల్చి వెళ్ళావు. తెలివైనదానివి.

మెడ కింద కట్టిన గుడ్డ ఇలా మార్చగానే అలా తడిసిపోతోంది. అది ఏడుపు ఎత్తుకుంటే వీధికుక్కలు మొరగడం మానేసి వింటున్నాయి. మీ అన్నయ్యగారు బస్సు డ్యూటీ దిగి వచ్చి, దాన్ని భుజాన వేసుకుని, స్టాపుల పేర్లు పిలుస్తూ వరండాలో తిరుగుతున్నారు. ఆఖరి స్టాపు వచ్చినా మీ అమ్మాయి దిగదు.

చేతికి దొరికిందల్లా కొరుకుతోంది. నా ఇల్లు నీకు తెలుసు కదా, మంచం కింద కూడా బైండింగుకి వచ్చిన పుస్తకాలే. లాయరుగారి తీర్పుల సంపుటాలు నాలుగింటికి మూలలు నమిలేసింది. "ఎలుకలండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఈ ఎలుకకి చొంగ కూడా కారుతుందా అమ్మా?" అన్నాడు. అప్పటినుంచి నీ కూతురి పేరు ఉడుత.

ఇక మందుల షాపుకి ఫోను చెయ్యకు. నిన్న నీ గొంతు వినగానే ఏం చేసిందో నీకు సగమే తెలుసు. రిసీవరు వెనక చూసింది. బల్ల కింద చూసింది. షాపాయన చేత అలమర తలుపు తీయించి మరీ చూసింది. నువ్వెక్కడా లేవని తేలాక మొదలైన ఏడుపు పడుకునేదాకా ఆగలేదు. "మందులకైతే రండమ్మా, ఫోనుకి మాత్రం రాకండి" అని దండం పెట్టాడాయన. ఉత్తరాలు రాయి. కాగితాన్ని చూసి పిల్ల ఏడవదు, నమిలేస్తుంది, అంతే.

నా కొడుకులిద్దరూ పెద్దవాళ్ళై ఎవరి ఉద్యోగాలకి వాళ్ళు పోయారు, ఇక నా ప్రాణం హాయి అనుకున్నాను. ఎప్పుడు తీసుకెళ్తావో చెప్పు.

చెవులు చిల్లులు పడిన,
నీ ఆడపడుచు


జూన్ 18

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. హాస్టల్లో నా పక్కమంచం ఆవిడ కాగితం లాక్కుని చదివి, "మీ వదిన భలే రాస్తుంది, ఇంకా రాయించు" అంది. ఆవిడ ముగ్గురు పిల్లల్ని పెంచి, వాళ్ళమ్మకి అప్పగించి వచ్చింది. ఇంకొకరి కష్టం ఎంత కమ్మగా ఉంటుందో ఆవిడని చూసి తెలుసుకోవాలి.

ఆవిడే చెప్పింది: శుభ్రమైన గుడ్డ తడిపి, చల్లగా చేసి నమలడానికి ఇవ్వాలట. చిగుళ్ళు వేలితో మెల్లగా రుద్దాలట. వేలు మీది కాబట్టి మీ ఇష్టం.

ఎప్పుడు తీసుకెళ్తావని అడిగారు. ఇక్కడ మూడు రోజులు కనిపించకపోతే పేరు కొట్టేస్తారు. మా బ్యాచిలో ఆడవాళ్ళం ఇద్దరమే. నేర్పే ఆయన రోజూ పొద్దున్నే నన్ను చూసి, "ఇంకా ఉన్నావా అమ్మా?" అని పలకరిస్తాడు. ఆయనకి జవాబు చెప్పడానికే ఉన్నాను. మీ తమ్ముడు ఓడలో వంట చేసుకుంటూ ఏ సముద్రంలో ఉన్నాడో తెలియదు. ఉత్తరం రాశాను కానీ, అది అందేసరికి ఉడుతకి పెళ్ళీడు వస్తుంది. మీరు తప్ప నాకు దిక్కు లేదు. ఈ ఆరు నెలలూ పంటి బిగువున భరించండి. ఈలోపు మీ పళ్ళు అరిగిపోతే నా మొదటి జీతంతో కట్టిస్తాను.

ఒక్కటి అడగాలి. నా కోసం ఇంకా వెతుకుతోందా? మానేసిందంటే కూడా చెప్పండి. ఏది విన్నా నాకు బాధే, అయినా చెప్పండి.

మీ ఇంట్లో ఎలుకని వదిలి పారిపోయిన,
మరదలు


ఆగస్టు 2

మరదలికి,

దవడపళ్ళు నాలుగూ వచ్చాయి. నేను బతికే ఉన్నాను.

మధ్యలో డాక్టరు దగ్గరకి కూడా తీసుకెళ్ళాను. చిగురు చూడబోయి ఆయన వేలు కొరికించుకున్నాడు. "పళ్ళు బలంగా ఉన్నాయి" అన్నాడు, వేలు ఊదుకుంటూ. పూతమందులేవీ వద్దు, చల్లటి తడిగుడ్డ చాలు అన్నాడు. నీ పక్కమంచం ఆవిడ ఉచితంగా చెప్పిన మాటే. కాకపోతే ఈయన తెల్లకోటు వేసుకుని చెప్పాడు.

గుడ్డని నీ కూతురు మూడు రోజులు భరించి నా మొహాన కొట్టింది. దానికి నచ్చిందేమిటో చెప్పనా? కాగితాల మడత నొక్కడానికి నేను వాడే నున్నటి చెక్క బద్ద ఉంది చూడు, అది. కడిగి చేతికిస్తే ఇక లోకం అక్కర్లేదు. అటు కొస అది నమలడం, ఇటు కొస నేను మడతలు నొక్కడం, వంతులవారీగా పని సాగుతోంది. జిగురులో మైలుతుత్తం కలపడం కూడా మానేశాను. అది విషం, ఇదేమో గిన్నె అంచులు నాకుతోంది. మైలుతుత్తం లేకపోతే పుస్తకానికి పురుగు పడుతుంది. పడనీ, మళ్ళీ కట్టిస్తాను. ముప్ఫై ఏళ్ళుగా సంపాదించుకున్న పేరు నీ కూతురి నాలుక ముందు నిలవలేదు.

వెతుకుతోందా అన్నావు. వెతకడం మానేసింది. నిజం చెప్పమన్నావని చెప్పాను.

వేళ్ళు పదీ ఇంకా మిగిలి ఉన్న,
ఆడపడుచు


సెప్టెంబరు 28

వదినగారికి,

మీ ఉత్తరంలో ఆఖరి మాట చదివాక జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఏమీ అనుకోకండి. నిజం చెప్పమన్నదాన్ని నేనే కదా. కాస్త జిగురు పూసి చెప్పి ఉండొచ్చు, మీకది అలవాటైన పనే.

నిన్న మొదటిసారి ఇంజను నడిపాను. పక్కన నేర్పే ఆయన ఉన్నాడు, వెనక ఖాళీ పెట్టెలున్నాయి. దిగాక ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టేనని పక్కమంచం ఆవిడ చెప్పింది.

ఉడుత ఏమైనా మాటలు మాట్లాడుతోందా?

మరదలు


నవంబరు 10

ఇంజను డ్రైవరమ్మకి,

మాట్లాడుతోంది. "అత్తా" అంటోంది. "ఇంకా" అంటోంది. "కాదు" అనేది మాత్రం రోజుకి వందసార్లు, అచ్చం నీ గొంతుతో. "అమ్మ" అనమని నేనూ పోరు పెడుతున్నాను. నీ ఫొటో చూపించి అనమంటే, ఫొటో మూల కొరికింది. తల మాత్రం మిగిలింది, కంగారు పడకు.

కోరపళ్ళు నాలుగూ వచ్చేశాయి. ఇవి దవడపళ్ళని మించినవి. ఏడ్చి ఏడ్చి నా మెడ పట్టుకుని అలాగే నిద్రపోయేది. దించితే లేస్తుందని నేను కూర్చునే నిద్రపోయాను. నా కొడుకులు ఇద్దరూ కలిసి కూడా నన్ను ఇంత ఏడిపించలేదు. ఇప్పుడు లెక్కకి పదహారు పళ్ళు. నోరు తెరిస్తే పోలీసుల కవాతులా ఉంటుంది.

తొందరేమీ లేదు, నీ పరీక్షలు బాగా రాయి.

ఆడపడుచు


డిసెంబరు 8

వదినా!

ప్యాసయ్యాను. అసిస్టెంటు డ్రైవరుగా వేశారు. క్వార్టర్సు ఇచ్చారు, యార్డు పక్కన రెండు గదులు. పెట్టెలు అటూ ఇటూ మార్చినప్పుడల్లా వంటగది గిన్నెలు గలగలమంటాయి. పక్క క్వార్టర్సులో ఒకావిడ డ్యూటీవాళ్ళ పిల్లల్ని చూసుకుంటుంది. కిటికీలకి అడ్డకడ్డీలు వేయించాను. చిన్న మంచం తెచ్చాను. ఇరవయ్యో తారీకున వచ్చి ఉడుతని తీసుకెళ్తాను. ఇక మీ చెవులకీ, వేళ్ళకీ, లాయరుగారి తీర్పులకీ విముక్తి.

మీ రుణం తీర్చుకోలేను అని రాయబోయి ఆగిపోయాను, రాస్తే మీరు ఎక్కిరిస్తారు.

మరదలు


డిసెంబరు 13

మరదలికి,

చాలా సంతోషం. మీ అన్నయ్యగారు బస్సంతా నీ పేరు చెప్పి, ఇద్దరికి టిక్కెట్టు కొట్టడం మరిచిపోయారు.

ఇరవయ్యో తారీకు మాత్రం వద్దు. వెనక దవడపళ్ళు రెండు మొదలయ్యాయి. పిల్ల విలవిల్లాడిపోతోంది. ఇంత నొప్పిలో అంత దూరం రైల్లో ఎలా తిప్పుతావు? నువ్వు రైలు నడపగలవు కానీ, రైల్లో ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టలేవు. ఈ రెండూ వచ్చాక రా.

ఆడపడుచు


జనవరి 9

వదినగారికి,

ఆ రెండు పళ్ళూ వచ్చి ఉంటాయి. ఈ ఆదివారం వస్తాను.

మరదలు


జనవరి 12

మరదలికి,

అవి వచ్చాయి. కానీ కింద ఇంకో రెండు బయల్దేరాయి. ఈ ఆదివారం వద్దు. తల్లివి కదా, కాస్త ఓపిక పట్టు.

ఆడపడుచు


ఫిబ్రవరి 6

వదినగారికి,

ఓపిక పట్టాను. చిన్న మంచం మీద నా యూనిఫాం మడతపెట్టి పెట్టుకుంటున్నాను, మంచం ఖాళీగా కనబడకుండా. ఇక చాలు. రానా?

మరదలు


ఫిబ్రవరి 10

మరదలికి,

ఎలా చెప్పను? ఇంకొకటి మొదలైంది. ఇదొక్కటే. ఇదే ఆఖరు.

ఆడపడుచు


ఫిబ్రవరి 17

వదినగారికి,

మీ ఉత్తరం రాగానే పక్కమంచం ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకీ ఇక్కడే వేశారు, మా వరసలోనే క్వార్టర్సు. ఇద్దరం కూర్చుని మీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని పళ్ళు లెక్కపెట్టాం. నా చేతివేళ్ళు అయిపోయాయి. కాలివేళ్ళ మీద లెక్కపెట్టాను, అవీ అయిపోయాయి. ఆఖరి పన్నుకి ఆవిడ తన చిటికెనవేలు అరువిచ్చింది. ఇరవై ఒకటి వదినా. "పసిపిల్లల పాలపళ్ళు ఇరవయ్యేనే" అని ఆవిడ పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు.

మీరు ఏం దాస్తున్నారు? పిల్లకి పళ్ళ నొప్పి కాక మరేదైనా జబ్బా? అదే అయితే ఈ క్షణం చెప్పండి. కాకపోతే మీ ఉద్దేశం నాకు అర్థమైంది. పాలు మాన్పించి ఇంజను ఎక్కినదానికి పిల్లెందుకు అనే కదా? "తల్లివి కదా, కాస్త ఓపిక పట్టు" అన్నారు. ఆ మాట కొరికినంత లోతుగా మీ ఉడుత కూడా కొరకలేదు. నేను రోజూ వందలమందిని ప్రాణాలతో ఇళ్ళకి చేరుస్తున్నాను. నా పిల్లని నా ఇంటికి చేర్చుకోవడానికి మీ అనుమతి కావాల్సి వస్తోంది.

మరదలు


ఫిబ్రవరి 22

మరదలికి,

నోరు పారేసుకోవడం బాగానే నేర్పారు అక్కడ. పిల్లకి ఏ జబ్బూ లేదు, నోరు కడుక్కో. పళ్ళు లెక్కపెట్టడానికి నేనేమీ డాక్టర్ని కాదు, పుస్తకాలు కుట్టుకునేదాన్ని. కావాలంటే నువ్వే వచ్చి లెక్కపెట్టుకో.

ఆడపడుచు


మార్చి 4

వదినగారికి,

వచ్చి లెక్కపెట్టుకోమన్నారు. వచ్చాను, లెక్కపెట్టాను. ఇంటికి చేరే దారిలో అది నోరు తెరుచుకుని నిద్రపోయినప్పుడు చూశాను. పదహారు. మీరు నవంబరులో రాసిన పదహారే. ఆ తర్వాత వచ్చిన అయిదూ మీ కలం లోంచి వచ్చినవి.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి అది గట్టి రొట్టెముక్క కరకరా నములుతూ మీ పక్కన కూర్చుని ఉంది. విలవిల్లాడిపోయే పిల్ల! మీ మొహం చూశాను. దొంగ దొరికినట్టు కూడా లేదు, ఇల్లు కాలిపోతుంటే చూస్తున్నట్టుంది. అందుకే మీతో పోట్లాడటానికి దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ బయటికి రాలేదు. మీరు సంచి సర్ది ఇచ్చి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. నేను ఎత్తుకోబోతే అది మీ తలుపు వైపు చెయ్యి చాపి నా ముంజేతిని కొరికింది. ఇంకా కమిలే ఉంది. డ్యూటీలో అడిగితే "ఉడుత" అని చెబుతున్నాను.

వచ్చిన దగ్గర్నుంచీ "అత్తా" అంటూ ఇల్లంతా తిరుగుతోంది. మంచం కింద చూసింది. నా చేత అలమర తీయించి చూసింది. మీకు గుర్తుందా వదినా, ఈ వెతకడం?

నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. ఎందుకు చేశారో చెప్పండి.

మరదలు


మార్చి 12

మరదలికి,

ఎందుకంటే, పంపబుద్ధి కాలేదు. అంతే. నువ్వు మంచి తల్లివి కావని నేనెప్పుడూ అనుకోలేదు. అలా అనుకుని ఉంటే నా మనసుకి పని సులువయ్యేది.

మొదట్లో దాని ఏడుపుకి తల ప్రాణం తోకకి వచ్చి, నువ్వెప్పుడు వస్తావా అని చూశాను. కోరపళ్ళప్పుడు నా మెడ పట్టుకుని నిద్రపోయింది చూడు, అక్కడ చెడింది. నా కొడుకులు చిన్నప్పుడు నేను రోజంతా జిగురు చేతులతో పనిలోనే ఉన్నాను. వాళ్ళకి పళ్ళెప్పుడొచ్చాయో నాకు గుర్తు లేదు. దీనికి నా దగ్గర వచ్చిన ఎనిమిదీ ఏ వరసలో వచ్చాయో నిద్రలో లేపినా చెప్తాను. లేని అయిదూ కూడా చెప్పేశాను.

ఇల్లు బావురుమంటోంది. మీ అన్నయ్యగారు ఖాళీ భుజంతో వరండాలో తిరుగుతున్నారు, స్టాపులు పిలవడం లేదు. లాయరుగారి సంపుటాలకి పురుగు పట్టింది. ఆయన తిట్టినా నాకు రోషం రాలేదు. ఆ చెక్క బద్దతో మడత నొక్కితే ప్రతి కాగితం మీదా దాని పళ్ళ గాట్లు పడుతున్నాయి. కొత్తది కొనుక్కోవచ్చు. కొనలేదు.

ఇక జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

ఆడపడుచు


ఏప్రిల్ 3

వదినా,

ఉడుతకి వెనక దవడపన్ను వస్తోంది. ఈసారి నిజంగా. నా లెక్కలో పదిహేడోది, మీ లెక్కలో ఇరవై రెండోది. తడిగుడ్డ నా మొహాన కొట్టింది. వేలు పెడితే వేలు దక్కలేదు. పక్క క్వార్టర్సావిడ మూడు రోజులకే చేతులెత్తేసింది. నేను సెలవు పెట్టాను, ఇంకా ఎన్నాళ్ళు పెట్టగలను? స్టాపుల పేర్లు పిలుస్తూ తిప్పుదామంటే నాకు స్టేషన్లే వచ్చు, అవి దానికి నచ్చలేదు. మీరు వచ్చి కొన్నాళ్ళుండండి.

మరదలు


ఏప్రిల్ 8

మరదలికి,

నన్ను మోసం చెయ్యాలని చూడకు. ఈ అబద్ధం నేను కనిపెట్టింది, నాకే తిప్పి చెబుతున్నావా? నా ఉత్తరం చూసి జాలిపడి, ముసలిదానికి ఒక సాకు దొరకనిద్దాం అనుకున్నావు. నీది మంచి మనసే. కానీ జాలి మీద బతికే రకాన్ని కాను. రాను.

ఆడపడుచు


ఏప్రిల్ 12

వదినా,

జాలా? జాలిపడాల్సింది ఇక్కడ నామీద. పిచ్చెక్కిపోతోంది. ఈ ఉత్తరం కింది మూల చూడండి. రాస్తుండగా ఒక్క క్షణం అటు తిరిగాను, అంతే, నమిలేసింది. ముప్ఫై ఏళ్ళు కాగితంతో బతికారు, ఎలుక పనో ఉడుత పనో మీరే తేల్చుకోండి. తడి ఆరకుండానే పోస్టు చేస్తున్నాను.

చిన్న మంచం పక్కన మీకు పక్క వేశాను. జిగురు ఇక్కడా దొరుకుతుంది, పని తెచ్చుకోండి. ఆ చెక్క బద్ద మాత్రం మరిచిపోకుండా పట్టుకు రండి, ఉడుత పొద్దుటినుంచీ మీ ఇద్దర్నీ అడుగుతోంది.

మరదలు